మంచు పడని జిల్లాల్లో యాంటీఫ్రీజ్ ఎందుకు, ఎలా మార్చాలి

శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో జనవరి తెల్లవారుజామున కూడా రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టవు. అందుకే చాలామంది నూతి నీళ్లో, బోరు నీళ్లో పోసి బండి తోలేస్తారు. యాంటీఫ్రీజ్‌నే కూలెంట్ అని కూడా అంటారు. అది చేసే పనుల్లో గడ్డకట్టకుండా ఆపడం ఒకటి మాత్రమే. మన దగ్గర అవసరమైనవి మిగతా రెండు: మరగకుండా చూడడం, తుప్పు పట్టకుండా కాపాడడం.

కూలెంట్‌లో ముఖ్యమైన ద్రవం ఇథిలీన్ గ్లైకాల్. నీళ్లతో సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మామూలు గాలి ఒత్తిడిలో 107 దగ్గర మరుగుతుంది. రేడియేటర్ క్యాప్ సుమారు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అదే మిశ్రమం 128 దాకా ఆగుతుంది, ఉత్త నీళ్లు 120కే మరుగుతాయి. మే నెల ఎండలో, లోడుతో ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కే బండికి ఆ 8 డిగ్రీల తేడా చాలా పెద్దది. క్యాప్ రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే ఎంత మంచి కూలెంట్ పోసినా దండగే.

అలాగని గ్లైకాల్ ఎక్కువైతే మంచిదనుకోకండి. వేడిని మోసుకుపోవడంలో నీళ్లే మేలు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది కూడా. బండి పుస్తకంలో వేరే చెప్పకపోతే సగం సగమే సరి.

తుప్పును ఆపేది గ్లైకాల్ కాదు, అందులో కలిపిన మందులు. అవి కాలంతో అయిపోతాయి: పాత రకం కూలెంట్‌లో సుమారు రెండేళ్లకు, ఓఏటీ రకంలో (సేంద్రియ ఆమ్లాల మందులు కలిపినది) ఐదేళ్లకు. గడువు ఎంతన్నది సీసా మీద చూడండి. పచ్చ, ఎరుపు, నీలం రంగులను నమ్మవద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. రెండు రకాలు కలిస్తే మందులు దెబ్బతిని, ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి సన్నటి ట్యూబులను మూసేస్తాయి. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి, బ్యాటరీలకు అమ్మేది చాలు. తీరం ఊళ్లలో ఉప్పగా తగిలే బోరు నీళ్లలోని క్లోరైడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది, గట్టి నీళ్లలోని సున్నం లోపల పొరలా పేరుకుంటుంది.

మార్చేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి, కొన్ని గంటలు ఆగండి. కారైతే హీటర్‌ను ఫుల్ హాట్‌లో పెట్టండి. క్యాప్ తీసి, కింద డ్రెయిన్ కాక్ గానీ కింది హోస్ క్లిప్పు గానీ విప్పి తొట్టెలోకి దించండి. దిగిన పాత కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కాలువలో పోస్తే గొడ్లు, కుక్కలు తాగేస్తాయి. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో అడిగి ఇవ్వండి.

తర్వాత డిస్టిల్డ్ వాటర్ నింపి, పై హోస్ వేడెక్కే దాకా, అంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) తెరుచుకునే దాకా ఇంజన్ నడపండి. చల్లార్చి దించండి. నీళ్లు తేటగా వచ్చేవరకు ఇదే పని.

లెక్క తప్పేది ఇక్కడే. కడిగిన నీళ్లన్నీ దిగవు, ఇంజన్ బ్లాకులో కొన్ని ఉండిపోతాయి. ఉదాహరణకు బండి మొత్తం 6 లీటర్లు పట్టి, దించినప్పుడు 4 లీటర్లే వచ్చాయనుకోండి. లోపల 2 లీటర్ల నీళ్లు మిగిలాయి. ఆ ఖాళీలో, ముందే సగం నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ 4 లీటర్లు పోస్తే గ్లైకాల్ 2 లీటర్లే, అంటే 33 శాతం. నీళ్లు కలపని కాన్సెంట్రేట్ 3 లీటర్లు ముందు పోసి, ఆపైన 1 లీటరు డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిగ్గా సగం సగం.

నెమ్మదిగా పోయండి. గాలి బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ ఉంటే బుడగలు ఆగే దాకా వదులు చేసి ఉంచండి. లేకపోతే బండి ముందు భాగం కాస్త ఎత్తులో నిలిపి, పై హోస్ పిసుకుతూ నింపి, క్యాప్ బిగించి ఫ్యాన్ రెండుసార్లు తిరిగే దాకా ఐడిల్‌లో ఉంచండి. గాలి చిక్కుకుంటే టెంపరేచర్ మీటరు ముల్లు ఉన్నట్టుండి పైకీ కిందికీ ఊగుతుంది. మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ మట్టం చూసి, కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యకు తెచ్చుకోండి.

చల్లారాక పై హోస్ లోపలికి నొక్కుకుపోయిందంటే క్యాప్‌లోని వాక్యూమ్ వాల్వ్ పట్టేసినట్టు. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం దగ్గర మరకలుంటే సీలు పోయింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా, పొగ గొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వచ్చినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. ఇక బండి నడపకండి.

ఘాట్‌లో ముల్లు ఎరుపుకు చేరితే పక్కకు ఆపి బానెట్ ఎత్తండి, క్యాప్ మాత్రం ముట్టుకోవద్దు. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు. చల్లారాక, దగ్గరున్న తాగునీళ్లే పోసి ఘాట్ దిగండి. ఇంటికి చేరాక దించి మళ్లీ సరైన పాళ్లలో నింపండి.