గిన్నె రెండు నిమిషాల్లో ఖాళీ, ఆ తర్వాత చెప్పుల మీద పడుతోందా?

కుక్క జీవితంలో తినడం కన్నా తిండి వెతుక్కోవడమే పెద్ద పని. వీధి కుక్క రోజంతా ఏం చేస్తుందో గమనించండి. చెత్తకుండీ చుట్టూ వాసన చూస్తుంది, హోటల్ వెనక కాపు కాస్తుంది, రోజూ అన్నం పెట్టే ఇంటి గేటు దగ్గరికి టైముకి హాజరవుతుంది. మన ఫ్లాట్‌లో ఉన్నదానికీ అదే ముక్కు, అదే బుర్ర. పని మాత్రం పూటకి రెండు నిమిషాలే. అందుకే తిండిని కాస్త ఆటగా మార్చమని వెట్ డాక్టర్లు, ట్రైనర్లు చెబుతుంటారు. ఆ మాట విని కొన్న పజిల్ బొమ్మలు (లోపల తిండి పెడితే కుక్క తోసో, నాకో బయటికి తెచ్చుకునేవి) మాత్రం చాలా ఇళ్లలో సోఫా కింద దుమ్ము పట్టి ఉంటాయి. తప్పు బొమ్మదీ కాదు, కుక్కదీ కాదు. కుక్క గెలవలేని చోట మనం ఆట మొదలుపెడతాం. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

"పెట్టగానే ఊదేస్తుంది, తర్వాత ఇల్లు పీకి పందిరేస్తుంది"

తోబుట్టువులతో ఒకే పళ్లెంలో పోటీపడి తిన్న కుక్కపిల్లకి ఆ ఆత్రం పెద్దయ్యాకా పోకపోవచ్చు. రోజుకి ఒక్క పూటే పెట్టినా అంతే. తిన్నాక మొదలయ్యే అల్లరి మాత్రం చాలావరకు పనిలేనితనమే.

దీనికి వెంటనే బొమ్మ కొనాల్సిన పని లేదు. డ్రై ఫుడ్ అయితే గిన్నె పక్కన పెట్టేసి, శుభ్రంగా తుడిచిన నేల మీద గుప్పెడు గుప్పెడు చల్లండి. మొదట కళ్లెదురుగా చల్లండి, అలవాటయ్యాక కుర్చీ కాళ్ల వెనక, డోర్‌మ్యాట్ అంచున వేయండి. వాసన పసిగట్టే గ్రాహకాలు మనకు 50-60 లక్షలైతే కుక్కకు 10 కోట్ల పైమాటే. ఆ ముక్కుకి పని దొరికితే నడకకి తీసుకెళ్లలేని వానరోజు కూడా గడిచిపోతుంది. నేల మీద ఇష్టం లేకపోతే పెద్ద గిన్నె మధ్యలో బరువైన చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ తిండి వేయండి. మూతి ఒకేసారి దూరదు కాబట్టి వేగం తగ్గుతుంది. గతుకులున్న స్లో ఫీడర్ గిన్నె చేసే పనీ ఇదే.

జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో ఆత్రంగా తినడం అల్లరితో పోయేది కాదు. కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం వాటికి ఎక్కువ, గబగబా తినడం దానికి ఒక కారణం. పొట్ట బిగుసుకుని, వాంతి కోసం ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోతే గంట చూద్దాం అనుకోకండి. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"బొమ్మను రెండుసార్లు మూతితో తోసి, నా మొహం చూస్తుంది"

అందరూ "మా వాడికి తెలివి లేదు" అనేసే సందర్భం ఇదే. నిజానికి తెలివి ఉండబట్టే మీ మొహం చూస్తోంది. ఇంతకుముందు అలా చూసినప్పుడల్లా మీరు మూత తీసి ఇచ్చి ఉంటారు. బొమ్మతో కుస్తీ పట్టడం కన్నా మీ వైపు చూడటమే సులువని అది నేర్చుకుంది.

అసలు కారణం ఎక్కువసార్లు కష్టస్థాయే. పక్కన కూర్చుని ఒకసారి గమనించండి. ముందు వాసన చూస్తుంది, ఒకసారి పంజాతో కొడుతుంది, ఇంకోసారి మూతితో తోస్తుంది. అక్కడితో తిండి రాకపోతే ఆవలిస్తుంది, పెదాలు నాక్కుంటుంది, దురద లేకపోయినా చెవి గోక్కుంటుంది, తర్వాత లేచి వెళ్లిపోతుంది. ఆవలింత దగ్గరే దాని ఓపిక అయిపోయింది. అప్పుడు సాయం చేయకండి, ఆటనే తేలిక చేయండి. తర్వాతి ప్రయత్నంలోనే ముద్ద నోట్లో పడాలి.

ఇంట్లో ఉన్న పాత తువ్వాలుతో ఇలా మొదలుపెట్టొచ్చు. తువ్వాలు పరిచి, దాని మీద బాగా వాసనొచ్చే ముక్కలు వేసి తిననివ్వండి. ఇందులో పజిల్ ఏమీ లేదు, తువ్వాలంటే తిండి అని తెలియడమే పాఠం. అది కుదిరాక ఒక అంచు మడిచి ముక్కలు సగం కనిపించేలా పెట్టండి. తర్వాత పూర్తిగా మడవండి, ఆ తర్వాత చాపలా వదులుగా చుట్టండి, చివర్లో బిగించి చుట్టండి. పదిసార్లు పెడితే ఎనిమిదిసార్లు తేలిగ్గా గెలుస్తున్నప్పుడే తర్వాతి మెట్టుకి వెళ్లండి. రెండుసార్లు వరుసగా వదిలేస్తే ఒక మెట్టు దిగండి. దిగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. యూట్యూబ్‌లో బోర్డర్ కోలీ మూడు అరల పజిల్ తీసేస్తోందని మన పగ్‌కి అదే తెప్పించడం మాత్రం డబ్బు దండగ.

రెండో కారణం, పక్కనే ఉన్న నిండు గిన్నె. 1963లో గ్లెన్ జెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలతో ఒక ప్రయోగం చేశాడు. పళ్లెంలో తిండి ఊరికే దొరుకుతున్నా చాలా ఎలుకలు మీట నొక్కి తెచ్చుకోవడానికి కూడా మొగ్గు చూపాయి. కుక్కలూ ఇంతే అని చాలామంది చెబుతారు కానీ, వాటిమీద చేసిన పరిశీలనల్లో ఆ గుణం అంత బలంగా కనిపించలేదు. ఊరికే దొరికేది ఎదురుగా ఉంటే చాలా కుక్కలు దానికే వెళ్తాయి. కాబట్టి రోజంతా డ్రై ఫుడ్ గిన్నె నింపి ఉంచే ఇంట్లో పజిల్ పనిచేయదు. రెండు పూటలు పెట్టి, పావుగంటలో గిన్నె తీసేసే అలవాటు ముందు చేయండి. అలాగని పస్తు ఉంచి ఆడించకండి. బాగా ఆకలిగా ఉన్న కుక్క ఆలోచించదు, విసుగుతో బొమ్మను కొరికేస్తుంది.

మూడోది చప్పుడు. గట్టి ప్లాస్టిక్ బంతి టైల్స్ మీద దొర్లితే వచ్చే శబ్దానికి పిరికి కుక్కలు, ముఖ్యంగా వీధి నుంచి తెచ్చుకున్నవి, వెనక్కి జంకుతాయి. కార్పెట్ మీదో మందపాటి దుప్పటి మీదో పెడితే సరిపోతుంది.

"మేము పెట్టేది పెరుగన్నం. ఈ పజిళ్లన్నీ డ్రై ఫుడ్‌కేగా?"

న్యాయమైన ప్రశ్న. మన ఇళ్లలో చాలా కుక్కలు తినేది అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు, పెరుగు. బొమ్మల బాక్సు మీద గీసిన బొమ్మల్లో ఇవేవీ ఉండవు. అన్నం కలిపి బంతిలో కూరితే కంతలో ఇరుక్కుని బయటికి రాదు, మర్నాటికి కంపు కొడుతుంది. తడి తిండిని దొర్లించే బొమ్మల్లో పెట్టకండి, నాకించే పాత్రల్లో పెట్టండి.

వంటగదిలోనే మంచి సామాను ఉంది. ఇడ్లీ రేకు తీసుకుని, గట్టిగా కలిపిన పెరుగన్నం గుంటల్లోకి వేలితో అదిమి పెట్టండి. పలచగా కలిపితే కింది చిల్లుల్లోంచి కారి నేలంతా అవుతుంది. ఒక్కో గుంటనూ నాకి నాకి ఖాళీ చేయాలి కాబట్టి, మామూలు పళ్లెంలో గుటకాయ స్వాహా అయ్యే అన్నం కాస్త నెమ్మదిగా దిగుతుంది. స్టీలు రేకు టైల్స్ మీద జారి గోడదాకా పోతుంది, కింద తడిగుడ్డ పరవండి. రేకు అంచులు వేలితో తడిమి చూసుకోండి, పదునుగా ఉంటే వద్దు.

గుంట పొంగనాల పెనం ఇంకో మెట్టు పైన. గుంటల్లో ఉడికించిన చికెన్ ముక్కో గుడ్డు ముక్కో వేసి, కొన్నింటి మీద టెన్నిస్ బంతి పెట్టండి. బంతి గుంటలోకి దిగదు, మూతలా కూర్చుంటుంది. ముక్కుతో ఒక్క తోపు తోస్తే జరుగుతుంది. మొదటిరోజు ఒకే గుంట మీద పెట్టి, మిగతావన్నీ తెరిచి ఉంచండి. పెరుగన్నానికి ఈ పద్ధతి పనికిరాదు, బంతి మీద నూగంతా అన్నానికి అంటుకుంటుంది. నాన్‌స్టిక్ పెనం వాడకండి, గీతలు పడి పూత లేస్తుంది. మూలన పడేసిన పాత ఇనప పెనానికి ఇది మంచి ఉద్యోగం.

రబ్బరు బొమ్మలో కూరాలనుకుంటే కాంగ్ లాంటి రెండు కంతలున్నదే తీసుకోండి. 1970ల్లో అమెరికాలో జో మార్ఖమ్ అనే ఆయన తన జర్మన్ షెపర్డ్ రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటుంటే, ఫోక్స్‌వాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క దానికి నచ్చడం చూసి ఆ బొమ్మ తయారుచేశాడు. చిన్న కంత అందం కోసం పెట్టింది కాదు. ఒకే కంత ఉంటే లోపలి గాలి పీల్చుకుని నాలుక ఇరుక్కోవచ్చు. మెత్తగా మెదిపిన అన్నం, ఉడికించిన గుమ్మడికాయ, పెరుగు వదులుగా నింపండి. మొదటిసారే ఫ్రీజర్‌లో పెట్టకండి. మే నెలలో పగలు బయటికి తీసుకెళ్లలేని రోజుల్లో గడ్డకట్టిన పెరుగు భలే పనికొస్తుంది, కానీ అది ఆటలో ఆరితేరిన కుక్కకి.

మిగిలిన కూర, పప్పు, సాంబారు లోపల కూరొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా సరే. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా నిషేధమే, కాబట్టి పాయసం, కేసరి చేసిన రోజు గిన్నె నాకనివ్వకండి. పీనట్ బటర్ రాసేముందు సీసా మీద జైలిటాల్ అని ఉందేమో చదవండి, ఆ తీపి పదార్థం కొంచెం చాలు ప్రాణం మీదికి రావడానికి.

"తిండి వదిలేసి తువ్వాలే తింటోంది"

చింపడం వేరు, మింగడం వేరు. అట్టపెట్టె చింపి ముక్కలు ఉమ్మేసే కుక్కకి అది హాయైన ఆట, ఊడ్చుకోవడం మన పని. మింగే కుక్కకి గుడ్డ, అట్ట రెండూ బంద్. పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. మామిడి టెంక, మొక్కజొన్న కండె కూడా సరిగ్గా ఇలాగే అడ్డం పడతాయి. ఉడికించిన ఎముకలు పదునైన చీలికలై గుచ్చుకుంటాయి. ఇలాంటి కుక్కకి ఇడ్లీ రేకు, గట్టి రబ్బరు బొమ్మ చాలు. తినడం అయిపోగానే వస్తువు తీసేయండి. ఖాళీ బొమ్మ దగ్గరే ఉంటే మిగిలిన ఆట దాన్ని పీకడమే.

"దగ్గరికెళ్తే గుర్రుమంటోంది"

మామూలు గిన్నె దగ్గర గొడవ చేయని కుక్క కూడా కష్టపడి సంపాదించిన ముద్ద దగ్గర పేచీ పెట్టొచ్చు. "నేను యజమానిని" అని చేయిపెట్టి లాక్కోవడం చాలామంది పెద్దలు చెప్పే సలహా, దానివల్ల జరిగేది భయం ముదరడమే. గుర్రుమన్నందుకు కొడితే ఈసారి గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది. నాలుగడుగుల దూరంలో నడుస్తూ దాని వైపు ఇంకా మంచి ముక్క ఒకటి విసిరి వెళ్లిపోండి. మనిషి వస్తే పోయేది కాదు, వచ్చేదే అని దానికి అర్థమవ్వాలి, రోజులు పడుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ప్రయోగాలు మీరు చేయకండి. కుక్కకి తలుపేసిన గదిలో తిండి పెట్టి, ట్రైనర్‌ని పిలవండి. రెండు కుక్కలుంటే రెండు గదులు, బొమ్మలు తీసేశాకే తలుపు తీయాలి.

"ఆఫీసుకి వెళ్తూ ఇచ్చా, సాయంత్రం వచ్చేదాకా ముట్టుకోలేదు"

మీరు గడప దాటగానే బొమ్మను వదిలేసి, తిరిగొచ్చాక ఆబగా తింటోందంటే అది బొమ్మ సమస్య కాదు. ఒంటరిగా ఉండటానికి భయపడుతోంది, టెన్షన్‌లో ఏ కుక్కకీ ముద్ద దిగదు. ఫోనో పాత ట్యాబో కెమెరాగా పెట్టి చూడండి. తలుపు దగ్గరే తచ్చాడటం, ఏడవటం, చొంగ కార్చడం కనిపిస్తే పజిల్ దీనికి మందు కాదు. రెండు మూడు నిమిషాల ఒంటరితనంతో మొదలుపెట్టే శిక్షణ కావాలి, డాక్టర్‌తోనూ మాట్లాడాలి. ఈలోగా బొమ్మను మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఇవ్వండి. లేకపోతే అది కనిపించగానే "వెళ్లిపోతున్నారు" అని దానికి గుర్తుపడిపోతుంది.

"ఆటలు బాగా నచ్చాయి, నడుం మాయమైంది"

ఆటలో వేసేదంతా పూట తిండిలోంచే తీయాలి. విడిగా ఇచ్చే ట్రీట్లు రోజు క్యాలరీల్లో పది శాతం దాటకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. ట్రీట్ అంటే కందిగింజంత ముక్క చాలు, కుక్క లెక్కపెట్టేది ముక్కలనే కానీ వాటి సైజు కాదు. ల్యాబ్రడార్ కుక్క ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. వాటిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకి ఆకలిని అదుపుచేసే పామ్‌సీ (POMC) అనే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుక్కున్నారు. అలాంటి కుక్క "ఇంకా కావాలి" అని చూసే చూపుని నమ్మి పెడితే అంతే సంగతులు.

"నిన్నటిదాకా ఆడింది, ఇవాళ దగ్గరికే రాలేదు"

ఉన్నట్టుండి మానేస్తే ఆట మార్చకండి, నోరు చూడండి. పన్ను నొప్పి, చిగుళ్ల వాపు, ముసలి కుక్కలో మెడ నొప్పి వల్ల వంగి తినడమే కష్టమై ఉండొచ్చు. మామూలు గిన్నెలో పెట్టినా తినకపోతే, లేదా నీరసం, వాంతులు ఉంటే వెట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. చిన్న కుక్కపిల్లలు ఎక్కువసేపు తినకుండా ఉండలేవు, వాటి విషయంలో ఇంకా త్వరపడాలి.

చీమలు

పెరుగన్నం అంటిన రేకు అరగంట వదిలేస్తే ఎర్రచీమల బారు కడుతుంది, వాటి కాట్లకి కుక్క ఆ వస్తువునే అసహ్యించుకుంటుంది. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి అందులో పెనం పెట్టి ఇస్తే తినేంతసేపు రావు. ఒకే ఒక జాగ్రత్త, పెనం అంచు నీటికి పైనే ఉండాలి. స్నఫుల్ మ్యాట్ (తిండి ముక్కలు దాచి వెతికించే గుడ్డ పీలికల చాప) వానాకాలంలో సరిగ్గా ఆరదు, బూజు పడుతుంది. ఆ నెలల్లో దాన్ని అటక మీద పెట్టేసి, తుడిచి ఆరబెట్టే స్టీలు వస్తువులతోనే నెట్టుకురండి.