సైలెన్సర్ మార్చాక కారు పెట్టే తంటాలు: లక్షణాన్ని బట్టి కారణం, మందు

మా బండి 1197 సీసీ స్విఫ్ట్. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. అమలాపురం పక్క ఊరి నుంచి రొయ్యల చెరువుల దాకా రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరుగుతుంది. సైలెన్సర్ అడుగున తుప్పు తినేసి చిల్లులు పడ్డాయి. ఎలాగూ మార్చాలి కదా అని లావు పైపు, చిన్న మఫ్లర్ (శబ్దం తగ్గించే డబ్బా) వేయించాను. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. మీ బండిలో ఏది కనిపిస్తుందో చూసుకోండి.

శబ్దం పెరిగింది, పికప్ తగ్గింది

రెండో గేరులో ఎక్కే చెరువు గట్టుకి మొదటి గేరు వేయాల్సి వచ్చింది. కారణం పైపు లావు. ఒక సిలిండర్ వదిలిన పొగ వేగంగా పోతుంటే, వెనక వచ్చే సిలిండర్ పొగను కూడా తనతో లాక్కుపోతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు (తక్కువ ఆర్‌పీఎంలో) ఆ లాగుడే పికప్. 1200 సీసీ బండికి రెండు అంగుళాల పైపు వేస్తే పొగ నెమ్మదిస్తుంది, లాగుడు పోతుంది. లావు పైపు వల్ల లాభమేదైనా ఉంటే అది ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడే. కాలవ గట్ల మీద తిరిగే మనకి ఆ అవసరం ఎప్పుడొస్తుంది? ‘బ్యాక్ ప్రెషర్ ఉండాలి’, అంటే పొగకి కొంత అడ్డు ఉండాలి అని షెడ్లలో అంటుంటారు. నిజానికి కావాల్సింది అడ్డు కాదు, పొగ వేగం.

మళ్లీ కంపెనీ సైజుకి రావడమే మందు. పాత పైపు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తే బయటి వ్యాసం తెలుస్తుంది. కొత్త పైపు వంపుల దగ్గర నలిగి ఉంటే ఆ ముక్క తీసుకోకండి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి, లేదంటే ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి) ప్రమాదం.

పొద్దున్నే టిక్ టిక్, వేడెక్కాక మాయం

మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకే పైపులోకి చేర్చే భాగం) అతుకు దగ్గరుండే గ్యాస్కెట్ లీకు, లేదా మ్యానిఫోల్డ్‌లో సన్నటి పగులు. లోహం వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి శబ్దం ఉండదు. బండిని రాత్రి అక్కడే వదిలి, పొద్దున స్టార్ట్ చేయించండి. మిగతా జాయింట్ల లీకు మీరే పట్టొచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట స్టార్ట్ చేసి, ఒకరు మందపాటి తడిగుడ్డతో టేల్ పైపును (పొగ బయటికొచ్చే చివరి గొట్టాన్ని) కాసేపు అదిమి పట్టాలి. ఇంకొకరు జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లాలి. బుడగలొచ్చిన చోటే లీకు.

చెక్ లైట్ వెలిగింది, మైలేజ్ పడిపోయింది

వెంటనే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) కొనకండి. సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి వస్తుంది. పెట్రోల్ చాలడం లేదనుకుని ఈసీయూ ఇంకా ఎక్కువ పోస్తుంది. లీకు ఆపితే సెన్సర్ దానంతటదే సర్దుకోవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) తీసేసిన బండికి మాత్రం, అది సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్ వస్తుంది. దానికి కన్వర్టర్ మళ్లీ పెట్టించడం తప్ప దారి లేదు. అడ్డదారులు చెప్పేవాళ్లున్నారు, వినకండి. ఆ విషవాయువు మన పిల్లలే పీలుస్తారు.

పొగ వాసన లోపలికొస్తోంది

ఇలా ఉంటే బండి నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, తలనొప్పి, మగత వచ్చేసరికే ఆలస్యమైపోవచ్చు. టేల్ పైపు బంపరు దాటి బయటికి రాకపోయినా, డిక్కీ తెరిచి కొబ్బరికాయల బస్తాలు మోసినా బండి వెనక తిరిగే గాలి పొగను లోపలికి లాగుతుంది. పైపు పొడిగించి, లీకులన్నీ మూయించాకే బండి తీయండి.

గుయ్‌మని హోరు, కింద గడగడ

216 హైవే మీద ఒకే వేగంలో వెళ్తుంటే చెవులు దిమ్మెక్కుతున్నాయంటే పైపు మధ్యలో హోరు తగ్గించే రెసోనేటర్ డబ్బా తీసేసి ఉంటారు. తిరిగి పెట్టించండి. బండి శబ్దం హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద శిక్ష కూడా ఉంది. గడగడకి మాత్రం పైపును వేలాడదీసే రబ్బర్లు చూడండి, తెగి ఉంటాయి.

మళ్లీ మళ్లీ తుప్పు

మన డెల్టాలో అసలు శత్రువు ఇదే. ఉప్పుగాలి సగమే కారణం. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే మఫ్లర్ వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. బయట ఎంత పెయింట్ వేసినా దండగే. వరదలప్పుడు కాజ్‌వే నీళ్లలో బండి ఆగితే టేల్ పైపులోంచి కూడా నీరెక్కుతుంది. స్టార్ట్ చేయకుండా తోయించి గట్టెక్కించండి.

మఫ్లర్‌లో అన్నిటికంటే కింద ఉన్న చోట నీరు కారడానికి పెట్టే 3 మిల్లీమీటర్ల చిల్లు ఉందో లేదో చూడండి. నాది మట్టితో మూసుకుపోయింది. తీగతో పొడిస్తే గ్లాసుడు తుప్పు నీళ్లు కారాయి. ఇప్పుడు మఫ్లర్ బాగా వేడెక్కేలా వారానికోసారి రావులపాలెం దాకా ఆపకుండా వెళ్లొస్తున్నాను, నెలకోసారి ఆ చిల్లు శుభ్రం చేస్తున్నాను.