చెట్టుకు చోటు చూసి గోడకు ముగ్గు పోయండి

ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు మొదట ప్లాన్ గీయించుకుంటారు. నేనైతే మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకుని కూర్చోమంటాను. అనంతపురంలో మా ఐదు సెంట్లలో నేనూ మా ఆయనా గొడుగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాం. ఎండ ఎటు నుంచి కాలుస్తోందో ఒంటికే తెలిసింది. జూన్‌లో గాలి కోసం మళ్లీ కూర్చోండి. రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పే పడమటి గాలే మన ఇంటికీ వస్తుంది.

చిక్కంతా ఇక్కడే. గాలీ పడమరే, సాయంత్రపు ఎండా పడమరే. కిటికీ పెడితే వేడి, పెట్టకపోతే ఉక్క. మేం పడమటి గోడకు 12 అడుగుల దూరంలో వేప నాటి, దానికి ఎదురుగా కిటికీ పెట్టించాం. ఉగాదికి పూత, మే నెలకు చిక్కటి నీడ. పునాదికి ముగ్గు పోయకముందే చెట్టుకు గుంత తీయించండి. ఇల్లయ్యాక చూద్దామంటే చోటు మిగలదు. చెట్టు ఎదిగేదాకా కిటికీ ముందు చిక్కుడు పందిరి వేసుకోవచ్చు.

అంతకుముందు మేం కట్టుకున్న ఇంట్లో వాకిలంతా కడప బండలు పరిపించాం. నల్ల రాయి కదా, రాత్రి దాకా సెగ చిమ్మేది. పిల్లలు చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేకపోయేవాళ్లు. ఆ రాయి ఇంట్లోపల ఎంతో చల్లన. బయట మాత్రం నడిచే దారి మేరకు లేత రంగు బేతంచెర్ల బండలు వేసి, సందుల్లో సిమెంటు పోయకుండా మట్టి వదలండి.

తాడిపత్రి దగ్గర మా జేజిది మట్టి మిద్దె. పైకప్పులో వెలుతురు కోసం వదిలిన కంత, గవాచి ఉండేది. అందులోంచి పడే వెలుగు రోలు దగ్గరికొస్తే, పొయ్యి వెలిగించే పొద్దయిందనేది జేజి. అది మనసులో పెట్టుకుని నడింట్లో 6 అడుగుల చదరం ఆకాశానికి వదిలేయమన్నాను. ‘వాన పడితే ఎట్లమ్మా?’ అన్నాడు మేస్త్రి. పడనీ అన్నాను. ఆ చోటును అరడుగు పల్లం చేసి, నీళ్లు పోవడానికి పైపు పెట్టించాం. పైన ఇనుప గ్రిల్లు, కింద మట్టిలో తులసి, కరివేపాకు. ఇంట్లో వేడి పైకి ఎగసి అటే పోతుంది. ఖర్చుకు వెనకాడి ఏది మానుకున్నా దీన్ని మాత్రం మానుకోకండి.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్లు. మనకు ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, దాన్ని రోడ్డు మీదికి వదలకండి. గోడకు పదడుగుల అవతల ఇంకుడు గుంత తీసి, మిద్దె పైపును అందులోకి తిప్పండి.

మొక్కలుంటే పాములొస్తాయని చాలామందికి టెన్షన్. గోడ వెంట రెండడుగులు శుభ్రంగా ఖాళీ ఉంచి, ఆ తర్వాతే మొక్కలు పెట్టండి. కట్టెలు, ఇటుకలు కుప్ప వేయకండి.

వసారా దూలానికి జొన్న కంకుల కుచ్చు కట్టి, కింద మట్టి తొట్టిలో నీళ్లు పోస్తే పిచ్చుకలు వస్తాయి. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేదంటే దోమలు చేరతాయి.