ఒక్క చెట్టు కల్లు రుచి చెడితే ఎక్కడ చూసుకోవాలి

పండుతాళ్ల కాలం, అంటే ఆడ తాటిచెట్లు గీసే రోజులు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి మా నకిరేకల్ వైపు చుట్టాలు బయలుదేరుతారు. వేరే చెట్లది కలపని ఒక్క చెట్టు కల్లు తాగాలని ఆశ. తీరా తాగాక "పుల్లగా ఉంది, నీళ్లలా ఉంది" అని నాకే ఫోన్. ఏళ్లుగా చెబుతున్న మాటే మళ్లీ చెబుతున్నాను. తాటాకు రేక పట్టేముందు కల్లు గీసే గౌడన్నను అడగండి: "అన్నా, దించి ఎంతసేపైంది?" ఇది అడగకుండానే అందరూ చెట్టుకు వంక పెడతారు.

సమస్య: నాలుకకు పులుపు, ముక్కుకు ఘాటు

చాలాసార్లు కారణం ఆలస్యమే. తాటి గెల నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. చుక్క చెట్టుకు కట్టిన లొట్టి కుండలో పడగానే ఈస్ట్ పని మొదలుపెడుతుంది. రాత్రంతా చెట్టు మీదే పులుస్తుంది కాబట్టి పొద్దున దించేసరికే అది కల్లు. కొన్ని గంటల్లో ఆల్కహాలు 4 నుంచి 6 శాతం దాకా చేరుతుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. పొద్దున ఏడులోపు తాటివనంలో ఉండండి. చిట్యాలలో ఆగి, టిఫిన్ చేసి, పదింటికి వస్తే దొరికేది ఆ రుచి కాదు.

సమస్య: కళ్ల ముందే దించారు, అయినా పులుపు

ఇది నన్ను బాగా దెబ్బతీసింది. మా చెరువు కట్ట కింద ఒక పండుతాడు ఉంది, తియ్యటి చెట్టని పేరు. ఒక ఎండాకాలం వారం రోజులు వరుసగా దాని కల్లు పుల్లగానే వచ్చింది. చెట్టు చెడిందన్నాను. గీత సరిగా లేదని గౌడన్న మీద మాట కూడా తూలాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఆ చెట్టుకున్న మూడు లొట్లనూ కలపకుండా దించి నా ముందు పెట్టాడు. మొదటిది తియ్యగా, చివర్లో చిరు పులుపుతో ఉంది. రెండోదీ అంతే. మూడోది నోట్లో పోసుకోగానే పళ్లు జివ్వుమన్నాయి. అదే చెట్టు, అదే రాత్రి, అదే కత్తి.

కల్లు వంచేసి ఆ లొట్టిలో వేళ్లు పెట్టి రుద్దాను. అడుగున బంకలా జారింది. లొట్టి మట్టిది కదా, దాని సన్నటి రంధ్రాల్లో పాత మడ్డి దాక్కుంటుంది. అందులో ఈస్ట్‌తో పాటు పులుపు చేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. కొత్త రసం పడగానే అది పాలల్లో తోడులా పనిచేస్తుంది. రోజూ మూడు లొట్లూ పెద్ద కుండలోకి వంచేస్తారు, ఆ ఒక్కటీ మిగతా రెండింటినీ చెడగొడుతుంది. నింద మాత్రం చెట్టుకు.

అందుకే లొట్లు కలపకముందే ఒక్కోదాంట్లో నుంచి గుక్కెడు రుచి చూడండి. తేడా ఉన్నదాన్ని పక్కన పెట్టించండి. చల్లనీళ్లతో తొలిస్తే చాలదు. మరిగే నీళ్లు పోసి, గడ్డితో తోమి, బోర్లించి ఒక రోజంతా ఎండకు పెట్టాలి. అప్పటికీ లోపల పుల్లటి వాసన వస్తే కొత్త లొట్టి కట్టాల్సిందే. ఆ రోజు గౌడన్నకు చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాను.

ఇంటికి తీసుకెళ్లే సీసాకూ ఇదే వర్తిస్తుంది. నిన్నటి కల్లు సీసానే కడిగీ కడగకుండా పట్టి తెచ్చి, దారిలో పులిసిందంటారు. మూత కూడా గట్టిగా బిగించకండి, లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, కారులో సీసా పగులుతుంది.

సమస్య: పలుచగా, చప్పగా ఉంది

రాత్రి వాన పడిందా అని చూసుకోండి. లొట్టిలో నీళ్లు చేరాయంతే. ఆ రోజుకు వదిలేయండి. తడి మాను ఎక్కమని గౌడన్నను తొందరపెట్టకండి. 2024లో ప్రభుత్వం చెట్టు మీంచి పడిపోకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది గానీ, మీ గుక్కెడు కల్లు కోసం ఆయన జారే మాను ఎక్కనక్కర్లేదు.

సమస్య: తియ్యగా ఉంది, పులుపే లేదు

పులవకుండా లొట్టికి సున్నం పూశారు, అది నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో తాగేదీ ఇలా పులియని రసమే. సున్నం ఎక్కువైతే నాలుక మీద సుద్దలా తగులుతుంది. సున్నం పూయని కల్లు మధ్యాహ్నం దాటినా తియ్యగానే ఉంటే సాక్రీన్ కలిపారని అనుమానించండి.

సమస్య: రేకెడు తాగగానే నాలుక మొద్దుబారింది, కళ్లు మూతలు పడుతున్నాయి

అది కల్లు మత్తు కాదు. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన సరుకు అయి ఉండొచ్చు. ఇంకో గుక్క వేయకండి, మనిషిని ఒంటరిగా పడుకోబెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన కల్లు పారబోయకుండా సీసాతో సహా వెంట పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.