పెన్‌డ్రైవ్‌లో ఆడే గేమ్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే ఎందుకు ఆడదు? లైనక్స్‌లో పాత గేములు: సమస్య - పరిష్కారం

"అన్నా, గేమ్ ఓపెన్ అయితలేదు" అని, పాత మెషిన్ల గేములు ఆడించే రెట్రోఆర్చ్ ప్రోగ్రామ్ వాడేవాళ్ల నుంచి ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే: టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఏమొచ్చింది? "టెర్మినల్ చూడలేదన్నా, సెట్టింగ్స్ అన్నీ మార్చి చూసిన" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. వీడియో డ్రైవర్ మార్చేస్తారు, కోర్ (రెట్రోఆర్చ్‌లో ఒక్కో పాత మెషిన్‌లా పనిచేసే భాగం) తీసేసి మళ్లీ పెడతారు, కొందరైతే ఏకంగా మింట్ అనే లైనక్స్ తీసేసి ఉబుంటు ఎక్కిస్తారు. అసలు కారణం మాత్రం లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తూ రాసే వివరాల్లో, ఒక్క లైన్‌లో రాసి ఉంటుంది.

కాబట్టి సమస్య ఏదైనా మొదటి పని ఇదే. రెట్రోఆర్చ్‌ను ఐకాన్ నొక్కి కాకుండా టెర్మినల్ నుంచి, వెర్బోస్ ఆప్షన్ (ప్రతి అడుగూ వివరంగా చూపించేది) తగిలించి నడపండి. గేమ్ తెరవండి. ఆగిపోయాక వెనక్కి వచ్చి ఎర్రర్ అన్న మాట ఉన్న లైన్లు చదవండి. ఇప్పటికే సెట్టింగ్స్ కలగాపులగం అయ్యుంటే, కాన్ఫిగ్ ఫైల్‌కు (సెట్టింగ్స్ దాచే ఫైల్) వేరే పేరు పెట్టి పక్కన ఉంచండి. మళ్లీ తెరిస్తే ప్రోగ్రామ్ కొత్తది రాసుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేయడం, కోర్ ఎంచుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. గేములు, బయోస్ (మెషిన్ ఆన్ కాగానే నడిచే దాని సొంత ప్రోగ్రామ్) మీ సొంత డిస్కుల నుంచి, మీ సొంత మెషిన్ నుంచి తీసుకున్నవేనని కూడా. ఒక్క మాట: ఉబుంటు, డెబియన్ ఇచ్చే ప్యాకేజీలో కోర్ డౌన్‌లోడర్ మెనూలో కనిపించదు. అది పాడైపోయినట్టు కాదు. కాన్ఫిగ్‌లో మెనూ షో కోర్ అప్‌డేటర్ అన్న లైన్‌ను ట్రూ చేస్తే వస్తుంది.

సమస్య: ప్లేస్టేషన్ 1 గేమ్ తెరిస్తే నల్ల స్క్రీన్, లేదా తిరిగి మెనూకే వచ్చేస్తుంది

ముందు బయోస్ చూడండి. ఇన్ఫర్మేషన్‌లో కోర్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే, ఫర్మ్‌వేర్ దగ్గర ఆ ఫైల్ ఉందో లేదో రాసి ఉంటుంది. ప్లేస్టేషన్ 1 గేములకు వాడే బీటిల్ కోర్‌కు బయోస్ తప్పనిసరి. అమెరికా గేములకు 5501, జపాన్ వాటికి 5500, యూరప్ వాటికి 5502. ఏదైనా సైజు సరిగ్గా 5,24,288 బైట్లు ఉండాలి. నంబర్‌కు ముందుండే ఎస్‌సీపీహెచ్ అన్న నాలుగు అక్షరాలూ, చివరి బిన్ కూడా స్మాల్ లెటర్స్‌లోనే ఉండాలి. క్యాపిటల్‌లో ఉంటే లైనక్స్‌కు అది వేరే ఫైల్.

ఫైల్ సరిగ్గానే ఉన్నా లేదనే చూపిస్తోందా? ఫోల్డర్ తప్పు. మామూలు ప్యాకేజీ చూసే సిస్టమ్ ఫోల్డర్ వేరు, ఫ్లాట్‌ప్యాక్ (ప్రోగ్రామ్‌ను విడిగా, తనదైన ఫోల్డర్లతో ఎక్కించే ప్యాకేజీ) చూసేది వేరు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ ఎక్కించుకుని, ఒకదాని ఫోల్డర్‌లో బయోస్ వేసి రెండోదాన్ని తెరిచేవాళ్లు చాలామంది. సెట్టింగ్స్‌లో డైరెక్టరీ, అందులో సిస్టమ్/బయోస్ దగ్గర ఏ దారి రాసి ఉందో అక్కడే వేయండి. అది డాట్‌తో మొదలయ్యే ఫోల్డర్ అయితే ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే కనిపిస్తుంది.

బయోస్ ఉంది, ఫోల్డర్ సరిగ్గా ఉంది, అయినా నల్ల స్క్రీనే. ఇక్కడే అసలు దొంగ దాక్కుని ఉంటాడు. నా సాయంత్రాలు ఎక్కువ తినేసింది ఇదే.

లక్షణం విచిత్రంగా ఉంటుంది. హాస్టల్‌లో దోస్తు పెన్‌డ్రైవ్‌లో గేమ్ ఇస్తాడు. పెన్‌డ్రైవ్ నుంచే తెరిస్తే చక్కగా ఆడుతుంది. అదే ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్ హోమ్‌లోకి కాపీ చేస్తే ఆడదు. కాపీ సరిగ్గా కాలేదేమో అని మళ్లీ చేస్తారు. ఎండీ5 (ఫైల్ లోపలి సరుకు నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) చూస్తే రెండు వైపులా ఒకటే. అప్పుడు అనుమానం హార్డ్‌డిస్క్ మీదికి పోతుంది: బ్యాడ్ సెక్టార్లున్నాయేమో, డిస్క్ మార్చాలేమో అని టెన్షన్ మొదలవుతుంది. దయచేసి ఆగండి. డిస్క్‌కు ఏమీ కాలేదు.

డిస్క్ గేమ్‌కు రెండు రకాల ఫైళ్లుంటాయి. బిన్ ఫైల్‌లో గేమ్ ఉంటుంది. క్యూ ఫైల్ చిన్న టెక్స్ట్ ఫైల్, ఏ ట్రాక్ ఏ బిన్‌లో ఉందో చెబుతుంది. అందులో మొదటి లైన్‌లోనే, కొటేషన్ గుర్తుల మధ్య, బిన్ ఫైల్ పేరు రాసి ఉంటుంది. ఎప్పుడో విండోస్‌లో డిస్క్ కాపీ తీసిన ప్రోగ్రామ్ ఆ పేరును అన్నీ క్యాపిటల్స్‌లో రాసి ఉండవచ్చు. తర్వాత ఎవరో బిన్ పేరును స్మాల్‌లోకి మార్చి ఉంటారు, క్యూ లోపల మార్చరు. విండోస్‌కు క్యాపిటల్, స్మాల్ తేడా పట్టదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. లైనక్స్ ఎక్స్‌టీ4 ఫార్మాట్ డిస్క్‌లో అవి రెండు వేర్వేరు పేర్లు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే పని ఆగిపోయినట్టే ఇక్కడా ఆగిపోతుంది.

మరి పెన్‌డ్రైవ్‌లో ఎలా ఆడింది? పెన్‌డ్రైవ్ సాధారణంగా ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉంటుంది. ఆ రెండూ లైనక్స్‌లో పెట్టినా క్యాపిటల్, స్మాల్ తేడా చూడవు. అందుకే ఒకే ఫైళ్లు ఒక చోట ఆడతాయి, ఇంకో చోట ఆడవు. ఎండీ5 కూడా ఈ తప్పును పట్టుకోలేదు, ఎందుకంటే అది ఫైల్ లోపలి సరుకును కొలుస్తుంది, ఫైల్ పేరును కాదు.

నిర్ధారించుకోవడానికి ఒక్క నిమిషం చాలు. క్యూ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. కొటేషన్ గుర్తులతో సహా పేరును కాపీ చేయండి. అదే ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి, ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపించే కమాండ్) కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి పేస్ట్ చేయండి. అలాంటి ఫైల్ లేదని వస్తే దొంగ దొరికినట్టే. కళ్లతో పోల్చి "రెండూ ఒకటేనన్నా" అనొద్దు. ట్రాక్ 2, ట్రాక్ 02 తేడా కంటికి ఆనదు. ఖాళీ ఉండాల్సిన చోట అండర్‌స్కోర్ ఉన్నా, రెండుసార్లు డౌన్‌లోడ్ అయి పేరు చివర బ్రాకెట్లో 1 చేరినా అంతే.

పరిష్కారం: ఫైల్ మేనేజర్‌లో బిన్ మీద ఎఫ్2 నొక్కి, అసలు పేరు కాపీ చేసుకుని, క్యూలో పాత పేరు స్థానంలో పెట్టి సేవ్ చేయండి. చేత్తో టైప్ చేయొద్దు. ట్రాకులు ఎక్కువుంటే ప్రతి లైన్‌కూ ఇదే పని. రెండు మూడు డిస్కుల గేములకు పెట్టే ఎం3యూ ఫైల్‌లో కూడా క్యూ పేర్లు ఇలాగే అచ్చంగా కలవాలి. కొన్ని కోర్లు మొదటి డిస్క్ ఆడనిచ్చి, రెండో డిస్క్ అడిగినప్పుడు ఆగుతాయి. అన్ని గంటలు ఆడి అక్కడ ఆగితే మనసు చివుక్కుమంటుంది. కనుక ఆట మొదలుపెట్టక ముందే ఆ ఫైల్ చూసుకోండి.

ఆడుతుందని తేలాక దాన్ని సీహెచ్‌డీ అనే ఫార్మాట్‌లోకి మార్చేయండి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో మేమ్ టూల్స్ ప్యాకేజీలో సీహెచ్‌డీమ్యాన్ అనే ప్రోగ్రామ్ దొరుకుతుంది. దాని క్రియేట్‌సీడీ కమాండ్‌కు క్యూ ఫైల్ ఇస్తే ట్రాకులన్నీ ఒకే ఫైల్‌గా వస్తాయి, చోటు కూడా తక్కువ పడుతుంది. ఇక ఆ ఫైల్‌కు ఏ పేరు పెట్టుకున్నా గేమ్ తెరుచుకుంటుంది. క్యూలో పేరు తప్పుంటే సీహెచ్‌డీమ్యాన్ కూడా ఆగిపోతుంది కాబట్టి ముందు పేరు సరిచేయాలి.

సమస్య: గేమ్ ఆడుతుంది, మ్యూజిక్ లేదు

క్యూ వదిలేసి నేరుగా బిన్ తెరిచారు. మాటలు, దెబ్బల చప్పుళ్లు మొదటి ట్రాక్‌లోనే ఉంటాయి, పాటలు మాత్రం మిగతా ట్రాకుల్లో ఉంటాయి. క్యూ తెరవండి.

సమస్య: స్లోగా ఉంది, సౌండ్ తెగిపోతోంది

టెర్మినల్‌లో జీఎల్ఎక్స్ఇన్ఫో కమాండ్ నడిపి రెండరర్ (బొమ్మ గీసేది) ఏమిటో చూడండి. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయడం లేదు, బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ మీద పడింది. డ్రైవర్ సరిచేయండి. ఎన్‌విడియా కార్డుండి ఫ్లాట్‌ప్యాక్ వాడేవాళ్లు సిస్టమ్‌లో డ్రైవర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా చేయాలి, లోపలి డ్రైవర్ వెర్షన్ బయటిదానితో కలవాలి.

డ్రైవర్ బాగుండి ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది అయితే ఛార్జర్‌ను అనుమానించండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు డూప్లికేట్ ఛార్జర్‌ను గుర్తించకపోతే ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. గేమ్ నడుస్తుండగా సీపీయూ మెగాహెర్ట్జ్ చూస్తే 800 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మే నెలలో మన వరంగల్ ఎండ 40 దాటినప్పుడు వేడికి కూడా ఇదే జరుగుతుంది. ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, పరుపు మీద పెట్టి ఆడొద్దు.

వేగం సరిగ్గానే ఉండి బొమ్మ మాత్రం కుదుపుతుంటే మానిటర్ 75 హెర్ట్జ్‌లో ఉందేమో చూసి 60కి మార్చండి.

సమస్య: ముస్తఫా తెరుచుకోవడం లేదు

మనందరికీ ముస్తఫా అంటేనే తెలిసిన ఈ గేమ్ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. సెట్ (గేమ్ ఫైళ్లన్నీ ఉన్న జిప్) పేరు డైనో, దాన్ని ముస్తఫా అని మార్చి సేవ్ చేస్తే కోర్ గుర్తుపట్టదు. జిప్ విప్పొద్దు కూడా. పేరు సరిగ్గా ఉన్నా రాకపోతే సెట్ వెర్షన్, కోర్ వెర్షన్ కలవలేదు: మేమ్ 2003 ప్లస్ కోర్ పాత మేమ్ 0.78 కాలం నాటి సెట్లను ఆధారం చేసుకున్నది, ఎఫ్‌బీ నియో కోర్‌కు కొత్తవి కావాలి. ఏ ఫైల్ తక్కువైందో లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది. అమెరికా, జపాన్ వెర్షన్ల జిప్పులు ఒంటరిగా తెరుచుకోకపోతే పక్కన డైనో జిప్ కూడా ఉంచండి.

సమస్య: సేవ్ చేసింది మళ్లీ తెరిస్తే లేదు

ఆటోసేవ్ ఆఫ్‌లో ఉంటే, గేమ్ లోపల చేసిన సేవ్‌ను రెట్రోఆర్చ్ గేమ్ మూసేటప్పుడే డిస్క్ మీద రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అది పోయినట్టే. సెట్టింగ్స్‌లో సేవింగ్ కింద సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ 10 సెకన్లు పెట్టండి. కరెంటు పోకున్నా సేవ్ నిలవకపోతే, గేములు విండోస్ డ్రైవ్‌లో ఉండి సేవ్ కూడా వాటి పక్కనే పడేలా పెట్టుకున్నారేమో చూడండి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే ఆ డ్రైవ్ లైనక్స్‌లో చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.

సమస్య: జాయ్‌స్టిక్ బాణాలు పనిచేయవు

చవక యూఎస్‌బీ ప్యాడ్ల మధ్యలో ఉండే అనలాగ్ బటన్ ఒకసారి నొక్కండి. ఎక్కువసార్లు అక్కడితో తీరిపోతుంది. తీరకపోతే జాయ్‌స్టిక్ పరీక్షించే జేఎస్‌టెస్ట్ ప్రోగ్రామ్‌లో బటన్లు కదులుతున్నాయేమో చూడండి. కదిలితే రెట్రోఆర్చ్‌లో మ్యాపింగ్ మళ్లీ చేయండి, కదలకపోతే వైరు గానీ పోర్టు గానీ పోయింది.

కెర్నల్ వెర్షన్, వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపించే వ్యవస్థ), ర్యామ్ చెడిపోవడం లాంటి కారణాలూ ఉంటాయి గానీ బహు అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. అప్పుడూ తేలకపోతే లాగ్ మొత్తం పంపండి, స్క్రీన్ ఫొటో వద్దు.