గిట్టకు సూది వేయించారా? ముందు ఆ ఆవు పాలు ఆపండి

వానలు మొదలై కొట్టంలో బురద నిలిస్తే గిట్టల మధ్య పుండ్లు, కుంటు వరుసకడతాయి. ఈమధ్య ఒకచోట ట్యాంకరు పాలు మొత్తం పరీక్షలో తిరస్కరించారు. కారణం ఒకే ఆవు. దానికి పొదుగువాపు లేదు, కాలి పుండుకు పెన్సిలిన్ వేయించారు, అంతే.

కొట్టం పొడిగా ఉంచడం, మైలుతుత్తం నీళ్లలో నడిపించడం మీకు తెలిసినవే. నేను మళ్లీ మళ్లీ చూసిన పొరపాటు వేరు: జబ్బు కాలికి కదా, పాలకేమవుతుంది అనుకోవడం. పొదుగువాపులో పాలు గడ్డలు కడతాయి కనుక ఎవరూ చెప్పకపోయినా పారబోస్తారు. కుంటే ఆవు పాలు మాత్రం తెల్లగా, చిక్కగా ఉంటాయి. మోసపోయేది అక్కడే. సూది మెడకు వేసినా తొడకు వేసినా మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ దిగుతుంది. పెద్ద ఆవుకు పెన్సిలిన్ గ్రాముల లెక్కన పడుతుంది. పాలలో దానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు.

కాచితే పోదు. పెన్సిలిన్ పడనివారికి ఆ పాలతో దద్దుర్లు రావచ్చు, పెరుగు తోడుకోకపోవచ్చు.

పాలు ఆపే రోజులు చివరి సూది నుంచి లెక్కించాలి. మొదటి సూది నుంచి కాదు, కుంటు తగ్గిన రోజు నుంచి అసలే కాదు. సెఫ్టియోఫర్ లాంటి కొన్ని మందులకు పాలు ఆపనక్కర్లేదని లేబుల్ మీద ఉండవచ్చు. ఆ మాట చెప్పిన మోతాదుకే, చెప్పిన చోట వేసినప్పుడే చెల్లుతుంది. మోతాదు పెంచితే లేబుల్ మీది రోజులు చెల్లవు, పశువైద్యుడిని అడగండి. రెండు మందులు పడితే ఎక్కువ రోజులున్నదే లెక్క. కట్టు కింద చల్లే పొడి కూడా మందే, దాని సంగతీ అడగండి. గాలికుంటు వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ ఆ వైరస్‌ను ఏమీ చేయదు. పుండ్లలో చీము పడితేనే దాని అవసరం. సూది వేయగానే ఆవు కాలికి రంగు పట్టీ కట్టండి, పాలు పితికే ప్రతి మనిషికీ చెప్పండి. దాన్ని చివరగా పితకండి, వేరే పాత్రలో. మందు పేరు, తేదీ, మోతాదు గోడ మీద రాయండి. మిగిలిన సీసా పక్కవారికి ఇవ్వకండి. ఆ పాలు దూడలకు పోయకండి, మందుకు లొంగని క్రిములు వాటి కడుపులో పెరుగుతాయి. ఇంట్లో వాడకండి. కాలి జబ్బే కదా అని క్యానులో కలపకండి. పొరపాటున కలిస్తే ట్యాంకరులోకి వంపకముందే పాల కేంద్రానికి ఫోను చేయండి.