మానేరు కట్ట నుంచి రామగిరి దాకా: కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలెక్కడం ఎలా

కరీంనగర్ చుట్టూ ఉన్న గుట్టలు ఎత్తులో పెద్దవేమీ కావు. అయినా సగం దూరంలోనే చతికిలబడి దిగివచ్చేవాళ్లు ఎక్కువ. ఇక్కడి గుట్టలు చాలావరకు గ్రానైట్ బండలు. పొద్దున పది దాటితే బండ వేడెక్కి, పైన ఎండ, కింద సెగ రెండూ ఒకేసారి తగులుతాయి. ఎండాకాలంలో పొద్దుగూకిన తర్వాత కూడా చాలాసేపు ఆ వేడి దిగదు. కాబట్టి ఏ గుట్టకు పోవాలనే దానికన్నా ఎన్ని గంటలకు బయల్దేరాలన్నది ముందు తేల్చుకోండి. చలికాలంలో ఆరున్నరకల్లా గుట్ట మొదట్లో ఉండాలి. మార్చి నుంచి ఐదున్నరకే మొదలుపెట్టి తొమ్మిదిలోపు బండ దిగేయాలి. ఏప్రిల్, మే నెలల్లో కట్ట మీది నడకతో సరిపెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ మంచి కాలం.

మొదట కట్ట

దిగువ మానేరు జలాశయం కట్ట కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్లకు సరైన చోటు. చదునుగా ఉంటుంది, దారి తప్పే పనిలేదు, ఊరికి ఆనుకునే ఉంది. కట్ట మీద నీడ ఉండదు కాబట్టి టోపీ తప్పనిసరి. గుట్టకు పోయే రెండు మూడు వారాల ముందు నుంచి, గుట్టకు మోసుకెళ్లే సంచినే నీళ్లతో నింపి వీపున వేసుకుని ఇక్కడ నడవండి. ఐదు కిలోమీటర్లు గంటలో ఆయాసం లేకుండా నడవగలిగితే ఎలగందుల కోట గుట్టకు సిద్ధంగా ఉన్నట్టే. బూట్లు కరిచే చోటు, సంచి పట్టీ ఒరుసుకునే చోటు కూడా ఇక్కడే బయటపడతాయి.

నీటివైపు పరిచిన రాళ్ల మీదికి దిగకండి. నీటి అంచున రాళ్లకు నాచు పడుతుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. డ్యాం కింద నది పొడిగా, ఇసుకతో నడవాలనిపించేలా కనిపిస్తుంది. అక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ఇసుక తవ్విన గుంతలు నీళ్లతో నిండితే పైనుంచి లోతు తెలియదు, ఈత వచ్చినవాళ్లు కూడా మునుగుతారు. ఇక వానాకాలంలో ఎగువన, మధ్య మానేరు వైపు వాన పడి గేట్లు ఎత్తితే, కరీంనగర్‌లో చుక్క వాన లేకున్నా నది ఉబ్బుతుంది. నదిని చూడాలంటే వంతెన మీది నుంచి చూడండి.

ఎలగందుల: సులువు

ఊరికి పది కిలోమీటర్ల దూరంలో, సిరిసిల్ల వైపు, మానేరు పక్కనే ఉంటుంది. 1905లో కరీంనగర్‌కు మారేదాకా జిల్లా కేంద్రం ఇదే. కాకతీయుల నాటి నుంచి నిజాం కాలం దాకా చేతులు మారిన కోట కావడంతో దర్వాజాలు, మెట్లు, గోడలు దారి చూపుతూనే ఉంటాయి. తాపీగా ఎక్కి, పైన మసీదు, గుడి చూసుకుని దిగడానికి రెండు మూడు గంటలు పెట్టుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలు.

పాత మెట్లు ఒక్క కొలతలో ఉండవు. ఒకటి జానెడు ఉంటే పక్కది మోకాలెత్తు ఉంటుంది. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఇవి మోకాళ్లను తినేస్తాయి, అందుకని పెద్ద మెట్టును పక్కకు తిరిగి దిగండి. గోడల అంచున నిలబడి ఫొటోలు దిగవద్దు, సున్నం వదిలేసిన రాయి కాలు పెట్టగానే కదులుతుంది. పొదల్లో గోడ లేని బావులు, గుంతలు ఉండొచ్చు కాబట్టి పిల్లలను బాట దాటనీయకండి.

బండ మీద కాలు ఎలా వేయాలి

మిగతా రెండు గుట్టలకు, అంటే మొలంగూరు, రామగిరికి, ఇది రాకపోతే పోవద్దు. ఏటవాలు బండ మీద మునివేళ్లతో ఎక్కితే జారతారు. పాదం మొత్తం ఆనాలి, మడమ కిందికి ఒత్తాలి, ఒంటి బరువు నేరుగా పాదాల మీద పడాలి. దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలడం అందరూ చేసే తప్పు. వెనక్కి వాలగానే బరువు మడమ అంచుకు పోయి కాలు ముందుకు జారుతుంది. మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులతో, అడ్డంగా వంకర్లు తిరుగుతూ దిగాలి.

బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి వాననీళ్లు పారే దారులు, నాచు ఎండి నల్లబడ్డవి. ఎండి ఉన్నప్పుడు పర్వాలేదు, తడిస్తే సబ్బు రుద్దినట్టే. మంచు కురిసిన పొద్దున కూడా వాటిని తప్పించి, గరుకుగా తెల్లగా ఉన్న చోట అడుగేయండి. బండ మీద చెల్లాచెదురుగా పడ్డ గరుసు కూడా అంతే ప్రమాదం. కాలితో పక్కకు ఊడ్చి అడుగు వేయాలి.

అడుగున గాడులు అరగని, మెత్తటి రబ్బరు బూట్లు కావాలి. చెప్పుల పట్టీ తెగేది ఎప్పుడూ దిగేటప్పుడే. బొటనవేలి ముందు అర వేలు ఖాళీ ఉండాలి. ముందురోజే గోళ్లు తీసుకుని, దిగే ముందు చీలమండ దగ్గర తాళ్లు బిగించుకోండి. ఇది మరిచినవాళ్లకే గోళ్లు నల్లబడతాయి.

మొలంగూరు: మధ్యరకం

కరీంనగర్ నుంచి వరంగల్ రోడ్డు మీద పోయి, శంకరపట్నం మండలంలోకి మళ్లాలి. దాదాపు ముప్పై కిలోమీటర్లు. కోట కాకతీయుల కాలం నాటిది. గుట్ట కింద పాలలాంటి నీళ్లకు పేరుబడ్డ దూద్ బావి ఉంది. ఎలగందులంత తేటైన దారి ఇక్కడ ఉండదు. గుండ్ల మధ్య సందుల్లోంచి, పొదల్లోంచి పోవాలి, కొన్నిచోట్ల చేతులు కూడా వాడాలి. వానాకాలం తర్వాత పొదలు పెరిగి బాట మూసుకుపోతుంది కాబట్టి ఊళ్లో తెలిసినవాళ్లను వెంటబెట్టుకోండి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, నీళ్ల సీసా వీపున ఉండాలి.

మనిషికి మూడు లీటర్లు. సగం నీళ్లు అయిపోతే పైదాకా చేరకపోయినా వెనక్కి తిరగాలి. చెమట పట్టినప్పుడు ఉత్త నీళ్లే తాగితే ఉప్పు తగ్గి పిక్కలు పట్టేస్తాయి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో ఒకేసారి కలపండి, గ్లాసులో అందాజగా కలిపితే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. సద్దికి సర్వపిండి, పల్లీపట్టీ బాగుంటాయి, ఎండకు పాడవవు.

నిటారు బండలకు, పాత గోడలకు పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. అత్తరు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు, అరవొద్దు. లేస్తే ముఖం కప్పుకుని ఆగకుండా దూరం పోవాలి, కొట్టే కొద్దీ ఇంకా వస్తాయి. సీతాఫలాల కాలంలో పొద్దున్నే, మాపటేళ ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఆ నెలల్లో గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగు మనిషి మీద పడేది ఎక్కువగా ఉలిక్కిపడ్డప్పుడే. బండ సందులో చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. పాము కరిస్తే కోయకండి, తాడు కట్టకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి, మోసుకుని కిందికి దింపి, 108కు ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లాలి.

దారి పొడవునా గ్రానైట్ క్వారీలు తగులుతాయి. అడ్డదారి అని వాటిలోంచి పోవద్దు. పేలుడు రాళ్లు చాలా దూరం ఎగురుతాయి, నీళ్లు నిండిన గుంతలకు ఒడ్డు నిటారుగా ఉంటుంది.

రామగిరి ఖిల్లా: మధ్యరకంలో కష్టమైనది

పెద్దపల్లి జిల్లాలో, పెద్దపల్లి నుంచి మంథని పోయే వైపు, బేగంపేట దగ్గర మొదలవుతుంది. శ్రావణమాసంలో జనం ఎక్కువగా వస్తారు. గుట్టంతా పచ్చగా ఉండి, ఔషధ మొక్కలు కనబడే కాలం అదే. బండలు తడిసి ఉండేదీ, ఉరుములు వచ్చేదీ అప్పుడే. ఉరుము వినబడగానే శిఖరం, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగాలి. గుండు కింద నక్కితే పిడుగు నుంచి కాపుదల ఉండదు.

కోట విశాలం. దర్వాజాలు, ఫిరంగులు, నీటి గుండాలు చూసుకుంటూ పోతే రోజంతా పడుతుంది. మనిషికి నాలుగు లీటర్లు మోయండి, గుండాల నీళ్లు తాగొద్దు. బాటలు చీలే చోట దారి తప్పుతారు. చీలిక దగ్గర వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, వచ్చేటప్పుడు ఆ చోటు అలాగే కనిపిస్తుంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవారిని ముందుంచండి. ఎండిన ఆకుల కాలంలో బీడీ, అగ్గిపెట్టె కిందే వదిలేయాలి. ఎక్కడిదాకా వచ్చినా ఒంటిగంటకు వెనక్కి తిరగండి. వెలుతురు ఉండగానే చివరి దర్వాజా దాటాలి, చీకట్లో ఈ గుట్ట దిగే దారి దొరకదు.